చిన్న మిల్లింగ్ యంత్రానికి కంప్యూటర్ నియంత్రణ: మర, మోటారు, సాఫ్ట్‌వేర్‌ల పరస్పరసంబంధం

వ్యాససంగ్రహం:

చేతిచక్రాలతో నడిచే చిన్న మిల్లింగ్ యంత్రాన్ని కంప్యూటర్ నియంత్రణలోకి మార్చడమంటే మోటార్లు బిగించి తీగలు కలపడమేనని చాలామంది భావిస్తారు. అసలు సమస్య యంత్రపు వదులులో ఉంది. ఇన్నాళ్లూ ఆ వదులును పనివాడి చేయి సర్దుతూ వచ్చింది. ఆ చేయి తప్పుకున్నాక ఆ బాధ్యత ఏయే భాగాలకు సంక్రమిస్తుందో ఈ వ్యాసం వివరిస్తుంది.

కీలకపదాలు: మిల్లింగ్ యంత్రం, సి.ఎన్.సి., బ్యాక్‌లాష్, బాల్ స్క్రూ, స్టెప్పర్ మోటారు, లైనక్స్ సి.ఎన్.సి.

1. ఉపోద్ఘాతం

సంఖ్యానియంత్రిత యంత్రాల చరిత్ర ఒక పాత యంత్రాన్ని మార్చడంతోనే మొదలైంది. అమెరికాలోని మసాచుసెట్స్ సాంకేతిక సంస్థకు చెందిన సర్వోమెకానిజమ్స్ ప్రయోగశాల 1952లో ప్రదర్శించిన తొలి యంత్రం కొత్తగా పోతపోసింది కాదు. అది సిన్సినాటి సంస్థవారి హైడ్రో-టెల్ మిల్లింగ్ యంత్రం. హెలికాప్టర్ రెక్కల ఆకృతిని లెక్కగట్టిన బిందువుల ఆధారంగా చెక్కాలన్న జాన్ పార్సన్స్, ఫ్రాంక్ స్టూలెన్‌ల ఆలోచన ఈ ప్రయత్నానికి మూలం. రంధ్రాలు పొడిచిన కాగితపు టేపు ఆ యంత్రానికి ఆజ్ఞలిచ్చేది. టేబుల్ నిజంగా ఎంత కదిలిందో తిరిగి తెలుసుకుని సరిచూసుకునే ఏర్పాటు కూడా అందులో ఉంది. ఈనాడు ఇళ్లలో, కళాశాలల వర్క్‌షాపుల్లో మార్పు చేస్తున్న చిన్న యంత్రాల్లో చాలావాటికి ఈ రెండో సదుపాయం లేదు. ఆజ్ఞ వెళ్తుంది, అమలైందో లేదో కంప్యూటర్‌కు తెలియదు. తక్కిన చర్చకంతటికీ ఈ తేడాయే ఆధారం.

2. చేయి ఎరిగిన వదులు

మరకూ దాని నట్టుకూ మధ్య కొంత ఖాళీ ఉండక తప్పదు. చేతిచక్రాన్ని ఒకవైపు తిప్పి, తిరిగి రెండోవైపు తిప్పినప్పుడు టేబుల్ కదలకుండా చక్రం మాత్రమే తిరిగే ఆ కొద్దిపాటి దూరమే బ్యాక్‌లాష్. అనుభవమున్న పనివాడు దీన్ని లెక్కచేయడు, ఎందుకంటే అతడు ఎప్పుడూ ఒకే దిక్కునుంచి కొలతకు చేరుకుంటాడు. ఎక్కువ దూరం పోతే బాగా వెనక్కి తెచ్చి మళ్లీ ముందుకు నడుపుతాడు. కోత పడుతున్నప్పుడు వాడని అక్షాన్ని బిగించి ఉంచుతాడు. ఈ అలవాట్లేవీ డ్రాయింగులో కనిపించవు.

కంప్యూటర్ వృత్తాన్ని చెక్కేటప్పుడు రెండు అక్షాలూ ఏకకాలంలో కదులుతాయి. ఒక్కొక్క అక్షం రెండేసిసార్లు దిశ మార్చుకుంటుంది. బ్యాక్‌లాష్ 0.2 మి.మీ. ఉందనుకుంటే, దిశ మారిన ప్రతిసారీ ఆ అక్షం 0.2 మి.మీ. ఆజ్ఞను మింగేసి ఊరుకుంటుంది. ఫలితంగా వృత్తపు అంచు మీద నాలుగుచోట్ల చిన్న చదునులు పడతాయి. రెండు అక్షాల వదులూ సమానంగా లేకపోతే వృత్తం అండాకృతికి జారుతుంది.

దిశ మారినప్పుడల్లా 0.2 మి.మీ. అదనంగా కదలమని సాఫ్ట్‌వేర్‌కు చెప్పవచ్చు కదా అన్న ప్రశ్న సహజం. రంధ్రాలు వేసే పనికి ఈ ఉపాయం చాలావరకు సరిపోతుంది. మిల్లింగ్‌లో సరిపోదు. డౌన్ మిల్లింగ్‌లో కటరు పళ్లు కదిలే దిక్కుకే టేబుల్ కూడా కదులుతుంది కాబట్టి కటరు లోహాన్ని తనవైపు లాక్కుంటుంది. నట్టులో ఖాళీ ఉన్నంతమేరా టేబుల్ ఒక్కసారిగా ముందుకు దూకుతుంది, కటరు విరగవచ్చు. పాతకాలపు యంత్రాలపై అప్ మిల్లింగే చేయాలని బోధించడానికి కారణం ఇదే. సాఫ్ట్‌వేర్ దిద్దుబాటు టేబుల్ ఉండవలసిన స్థానాన్ని మాత్రమే సవరిస్తుంది, అక్కడ దాన్ని పట్టి ఉంచలేదు.

3. బాల్ స్క్రూ ఇచ్చేదీ, తీసుకునేదీ

అందుకే మార్పు మరతో మొదలవుతుంది. బాల్ స్క్రూలో నట్టుకూ మరకూ మధ్య ఉక్కు గోళీలు దొర్లుతాయి. సాధారణ మర సామర్థ్యం మూడోవంతు దరిదాపుల్లో ఉంటే, దీనిది 90 శాతం వరకు ఉంటుంది. అయితే బలం పెరగడమే ప్రయోజనమనుకోవడం పొరపాటు. 1 న్యూటన్-మీటరు టార్కుతో 5 మి.మీ. పిచ్ ఉన్న బాల్ స్క్రూను తిప్పితే సుమారు 1130 న్యూటన్ల తోపుడు వస్తుంది. 30 శాతం సామర్థ్యంతో పనిచేసే 2 మి.మీ. పిచ్ సాధారణ మర కూడా అదే టార్కుకు 940 న్యూటన్లు ఇస్తుంది. బలంలో భేదం స్వల్పమే. ఒక్క చుట్టుకు రెండున్నర రెట్లు దూరం నడవడం, వదులు దాదాపు లేకపోవడం అసలు లాభాలు.

ఈ లాభం నిలవాలంటే మర కొనను పట్టి ఉంచే బేరింగులూ అంత గట్టిగా ఉండాలి. ఎదురెదురుగా బిగించిన యాంగ్యులర్ కాంటాక్ట్ బేరింగుల జత వాడకుండా మామూలు బేరింగు పెడితే, నట్టులో పోయిన వదులు బేరింగులో తిరిగి వచ్చి కూర్చుంటుంది. టేబుల్ జారే పట్టాల మధ్య గిబ్‌లను సరిచేయకపోయినా అంతే. డయల్ గేజిని టేబుల్‌కు ఆనించి, టేబుల్‌ను చేత్తో ముందుకు వెనక్కు నెట్టి చూడటం మోటారు కొనకముందే చేయవలసిన పని.

షాంఘైకి చెందిన సీగ్ సంస్థవారి ఎక్స్2 వంటి చిన్న యంత్రాల్లో మరో చిక్కుంది. వాటి హెడ్ ర్యాక్-పినియన్ మీద పైకి కిందికి నడుస్తుంది కాబట్టి మూడో అక్షానికి మరను కొత్తగా అమర్చాలి. పైగా బాల్ నట్టు పాత నట్టుకంటే లావుగా ఉంటుంది. అది పట్టేందుకు శాడిల్ అడుగున లోహాన్ని చెక్కవలసి రావచ్చు. మోటార్లను పట్టి ఉంచే పలకలను చాలామంది విప్పకముందే అదే యంత్రం మీద తయారుచేసుకుంటారు. ఈ క్రమం తప్పితే పని మధ్యలో పొరుగువారి యంత్రాన్ని అడగవలసివస్తుంది.

4. మెట్లు, లెక్కలు

సాధారణ స్టెప్పర్ మోటారు ఒక చుట్టును 200 మెట్లుగా తిరుగుతుంది. 5 మి.మీ. పిచ్ మరకు నేరుగా కలిపితే ఒక మెట్టు 0.025 మి.మీ. డ్రైవరు ఒక్కొక్క మెట్టును పదిగా విభజిస్తే మిల్లీమీటరుకు 400 పల్సులు, అంటే పల్సుకు 0.0025 మి.మీ. అవుతుంది. ప్రకటనల్లో కనిపించే సూక్ష్మత ఇదే. కానీ అది లెక్కలో ఉన్నంతగా లోహంలో ఉండదు. పదోవంతు మెట్టు కదిలినప్పుడు మోటారు చూపే అదనపు టార్కు దాని పూర్తి పట్టుటార్కులో సుమారు 16 శాతమే. పట్టాల ఘర్షణ అంతకు మించితే ఆ ఒక్క పల్సుకు టేబుల్ కదలదు.

వేగం మరో హద్దు. నిమిషానికి 1200 మి.మీ. కదలాలంటే మోటారు 240 చుట్లు తిరగాలి, క్షణానికి 8000 పల్సులు కావాలి. పల్సుకూ పల్సుకూ మధ్య 125 మైక్రోసెకన్లే వ్యవధి. కంప్యూటర్ మరో పనిలో పడి 50 మైక్రోసెకన్లు ఆలస్యం చేస్తే మోటారు తడబడుతుంది. లైనక్స్ సి.ఎన్.సి.కి రియల్ టైమ్ కెర్నెల్ అవసరమయ్యేది ఇందుకే. అమెరికా ప్రమాణాల సంస్థ నిస్ట్‌లో ఇ.ఎం.సి. పేరుతో పుట్టిన ఆ సాఫ్ట్‌వేర్ 2011లో ఈ పేరు ధరించింది. 2009లో మొదలైన జి.ఆర్.బి.ఎల్. మరో దారి పట్టింది: పల్సులిచ్చే బాధ్యతను ఆర్డునో పలక మీది చిన్న చిప్‌కే అప్పగించింది.

భారం ఎక్కువై మోటారు ఆజ్ఞకు వెనుకబడితే మెట్లు తప్పుతాయి. అవి ఒక్కొక్కటిగా తప్పవు, నాలుగు పూర్తి మెట్ల చొప్పున తప్పుతాయి. పై అమరికలో అది 0.1 మి.మీ. తయారైన భాగంలో దోషం 0.1, 0.2, 0.3 మి.మీ.గా కనిపిస్తే మోటారును అనుమానించాలి. ఏ లెక్కకూ లొంగకుండా మెల్లగా జరుగుతూ పోతే కప్లింగ్ జారుతోందేమో చూడాలి. విద్యార్థుల ప్రాజెక్టు నివేదికలు చాలావరకు మోటార్లు తిరగడంతో ముగుస్తాయి. దోషం నుంచి కారణానికి చేరే ఈ పరిశీలన జరిగితే తప్ప అవి పరిశోధన కాలేవు.

5. భద్రత

సాధారణ మర తనంతట తాను వెనక్కి తిరగదు, బాల్ స్క్రూ తిరుగుతుంది. కరెంటు పోయిన క్షణాన మోటారు పట్టు సడలి, బరువైన హెడ్ కటరుతో సహా కిందికి జారవచ్చు. ప్రతిభారం, గ్యాస్ స్ప్రింగ్ లేదా బ్రేకు ఉన్న మోటారు, వీటిలో ఏదో ఒకటి తప్పనిసరి. అత్యవసర స్టాప్ బటన్ సాఫ్ట్‌వేర్‌కు విన్నవించుకునేదిగా కాక, మోటార్లకూ స్పిండిల్‌కూ వెళ్లే విద్యుత్తును నేరుగా తెంచేదిగా ఉండాలి. స్పిండిల్ మోటారు తీగల పక్కనే లిమిట్ స్విచ్చుల తీగలు నడిపితే లేని తాకిడి ఉన్నట్లు సంకేతం వెళ్తుంది. విసుగెత్తి ఆ స్విచ్చులను తీసేయడంకంటే షీల్డ్ ఉన్న తీగ వాడటం, దూరంగా నడపడం మేలు.

చేతిచక్రాలను అలాగే ఉంచాలా అన్నది చివరి ప్రశ్న. రెండువైపులా ఇరుసు ఉన్న మోటార్లు వాడితే ఉంచవచ్చు. అయితే వేగంగా తిరిగే చక్రపు పిడి వేళ్లను గాయపరుస్తుంది కాబట్టి పిడిని విప్పాలి. ఇక మోటార్లకు కరెంటు ఆపి చేత్తో పనిచేయబోతే, కోత బలానికి బాల్ స్క్రూ వెనక్కి తిరిగి టేబుల్ నిలవదు. అక్షాల తాళాలు బిగించుకుంటూ పోవాలి, లేదా మోటార్లకు కరెంటు ఉంచి కంప్యూటర్ ద్వారానే మెట్టు మెట్టుగా నడపాలి.