నీకేమి వచ్చును?

ఇంగ్లీషులో ‘కెన్’ అను ఒక్క మాట చేయు పనిని తెలుగున మూడు ప్రయోగములు పంచుకొనుచున్నవి. 1852లో ధవళేశ్వరము ఆనకట్ట పూర్తియైన పిమ్మట కాలువలు అల్లుకొన్న గోదావరి డెల్టాలోని పిల్లలకు ఈతకంటె చక్కని ఉదాహరణ మేమున్నది? ‘నాకు ఈత వచ్చును’ అన్నచో నేర్చిన విద్య. ‘ఈ కాలువను ఈదగలను’ అన్నచో శక్తి. ‘ఇక్కడ ఈదవచ్చును’ అన్నచో అనుమతి. ఎంత ఈత వచ్చినవాడైనను వరద గోదావరిని ఈదలేడు. ఈదగలవానికిని పెద్దలు అనుమతి నీయకపోవచ్చును.

ఈ భేదమును సూత్రముగా వల్లె వేయించుటకంటె ఆటగా ఆడించుట మేలు. పిల్లలను వలయముగా నిలుపవలెను. ఒకరు ప్రక్కవారిని ‘నీకేమి వచ్చును?’ అని అడుగవలెను. ఆ జవాబును మూడవవారు ‘షి కెన్ స్విమ్’ అని ఇంగ్లీషులో తరగతికి చెప్పవలెను. రెండవ వరుసలో ‘వరదలో ఈదగలవా?’ అనియు, మూడవ వరుసలో ‘ఇక్కడ ఈదవచ్చునా?’ అనియు అడిగింపవలెను. తప్పులను ఆట నడుమ పట్టుకొనక, ముగిసిన తరువాత నల్లబల్లపై దిద్దవలెను.

ఇంగ్లీషు పాఠమున నోరు మెదపని పిల్లవానికి పడవ నడుపుట, వల అల్లుట, కొబ్బరిచెట్టు ఎక్కుట వచ్చునని తోటివారికి అప్పుడు తెలియును. వానికి చెప్పుటకు విషయమున్నది, మాటలే లేవు. ఆ మాటల నందించుట ఉపాధ్యాయుని పని.

తెలుగువానికి విద్య ‘వచ్చును’. ‘నాకు ఇంగ్లీషు రాదు’ అన్న బాలుడు ‘ఇంకను రాలేదు’ అన్ననాడు ఆట నెగ్గినట్లే.