నాలుగు ట్రంపెట్లు, మూడు ఆల్బమ్‌లు

1971లో ఇంగ్లండ్‌ను ఊపేసిన టి.రెక్స్ పాట ‘గెట్ ఇట్ ఆన్’ అమెరికాకు వచ్చేసరికి పేరు మార్చుకోవాల్సి వచ్చింది. అక్కడ దాన్ని ‘బ్యాంగ్ ఎ గాంగ్’ అని విడుదల చేశారు. అదే పేరున్న మరో పాట అప్పటికే అమెరికా రేడియోల్లో మోగిపోతోంది మరి. పేరు మార్చుకున్న పాట ఈనాటికీ అందరి నోటా ఉంది. పేరు మార్పించిన పాటే మరుగున పడిపోయింది. దాన్ని వాయించిన బృందం ‘చేజ్’. 1970లో పుట్టి 1974లో ఆగిపోయింది.

ఆ రోజుల్లో రాక్ సంగీతంలోకి ఊదే వాద్యాలు జోరుగా వచ్చిపడ్డాయి. గిటార్, డ్రమ్స్ సరసన ట్రంపెట్, ట్రాంబోన్, శాక్సఫోన్ చేర్చి షికాగో, బ్లడ్ స్వెట్ అండ్ టియర్స్ వంటి బృందాలు జనాన్ని ఉర్రూతలూగించాయి. ఈ ధోరణికి హార్న్ రాక్ అని పేరు పెట్టారు. చేజ్‌నూ ఆ గాటనే కట్టేశారు. అది అన్యాయమని నా అభిప్రాయం. ఆ బృందాల్లో ఊదే వాద్యాలు రకానికొకటి ఉండి పాటకు రంగులద్దేవి. చేజ్‌లో శాక్సఫోన్ లేదు, ట్రాంబోన్ లేదు. ఉన్నవి నాలుగు ట్రంపెట్లు. పాటకు అవి తోడు కాదు, అవే పాట.

ఈ ఆలోచన బిల్ చేజ్‌ది. 1934లో మసాచుసెట్స్‌లో ఇటాలియన్ మూలాలున్న కుటుంబంలో పుట్టాడు. ఇంటిపేరు చియాయేసే. పలకడం కష్టమని ఇంట్లోవాళ్లే దాన్ని చేజ్‌గా కుదించుకున్నారు. తండ్రి కూడా ట్రంపెట్ వాయించేవాడు. కుర్రాడు బోస్టన్‌లో చదువుకుని మేనార్డ్ ఫెర్గూసన్, స్టాన్ కెంటన్, వుడీ హెర్మన్ వంటి ఉద్దండుల జాజ్ బృందాల్లో పనిచేశాడు. హెర్మన్ దగ్గర లీడ్ ట్రంపెట్ అతనిదే. ఆ తర్వాత లాస్ వేగస్ వేదికల మీద వాయిస్తూ, సంగీతం సమకూరుస్తూ కొంతకాలం గడిపాడు.

లీడ్ ట్రంపెట్ అంటే ఏమిటో కాస్త చెప్పుకోవాలి. పెద్ద జాజ్ బృందంలో ట్రంపెట్లవాళ్లు ఎప్పుడూ వెనక వరుసే. ఆ వరుసను నడిపించేవాడు లీడ్. ట్రంపెట్‌కు ఉన్నవి మూడు మీటలే. మిగతాదంతా పెదవుల బిగువుతో, ఊపిరి వేగంతో రాబట్టుకోవాలి. తారస్థాయికి వెళ్లేకొద్దీ పలికే స్వరాలు ఒకదానికొకటి మరీ దగ్గరపడతాయి. పెదవి వెంట్రుకవాసి సడలినా పక్క స్వరం పలికేస్తుంది, ఆ తప్పు హాల్లో చివరి కుర్చీదాకా వినిపిస్తుంది. అందుకే ఏ లీడ్ అయినా పైస్వరాలను పొదుపుగా వాడుకుంటాడు, మధ్యమధ్య పెదవులకు విశ్రాంతి ఇస్తాడు. చేజ్ ఆ పొదుపును పక్కనపెట్టేశాడు. వెనక వరుసను తెచ్చి వేదిక ముందు నిలబెట్టాడు. తనతో పాటు టెడ్ పియర్స్‌ఫీల్డ్, అలన్ వేర్, జెర్రీ వాన్ బ్లెయిర్. నలుగురూ జాజ్‌లో కాకలుతీరినవాళ్లే. వెనక ఆర్గన్, గిటార్, బేస్, డ్రమ్స్, పాడడానికి టెర్రీ రిచర్డ్స్. మొత్తం తొమ్మిది మంది.

1971లో ఎపిక్ కంపెనీ విడుదల చేసిన తొలి ఆల్బమ్ పేరూ ‘చేజ్’ అనే. ‘ఓపెన్ అప్ వైడ్’తో మొదలవుతుంది. ‘గెట్ ఇట్ ఆన్’ అందులోదే. ఒక పదగతిని ఒక ట్రంపెట్ పైనుంచి అందుకుంటుంది. అది దిగుతుండగానే రెండోది అదే పదగతితో మొదలవుతుంది, ఆ వెంటే మూడోది, నాలుగోది. కొండకొమ్మునుంచి మెట్టుమెట్టుగా దూకే జలపాతంలా నాదం ఆగకుండా కిందికి జారుతూనే ఉంటుంది. ఒక్కరు అరక్షణం తడబడినా నలుగురి పనీ పాడవుతుంది. తడబాటు ఎక్కడా కనబడదు.

ఆ పాట బిల్‌బోర్డ్ హాట్ 100లో 24వ స్థానం దాకా వెళ్లింది, 13 వారాలు నిలిచింది. బృందానికి కొత్త కళాకారుల విభాగంలో గ్రామీ నామినేషన్ వచ్చింది. ఆ ఏడు పోటీలో బిల్ విథర్స్, ఎమర్సన్ లేక్ అండ్ పామర్ కూడా ఉన్నారు. అవార్డు కార్లీ సైమన్‌కు దక్కింది.

రెండో ఆల్బమ్ ‘ఎన్నియా’ 1972లో వచ్చింది. గ్రీకులో ఆ మాటకు తొమ్మిది అని అర్థం. క్రోనస్, జ్యూస్, పొసైడన్, ఆఫ్రొడైటీ, హేడిస్ వంటి గ్రీకు దేవతల పేర్లతో అల్లిన దీర్ఘరచన ఇందులో ఉంది. మధ్యలోనే గాయకుడూ డ్రమ్మరూ మారారు, జి.జి. షిన్ పాటందుకున్నాడు. ఆల్బమ్ మొదటిదానిలా ఆడలేదు. రేడియోకు మూడు నిమిషాల పాట కావాలి. చేజ్ ఇచ్చింది ఓపిగ్గా కూర్చుని వినాల్సిన సంగీతం. ఆ సాహసానికి అప్పుడే తగిన మన్నన దక్కి ఉండాల్సింది.

1974లో బిల్ చేజ్ దాదాపు కొత్త బృందంతో ‘ప్యూర్ మ్యూజిక్’ చేశాడు. ఇది జాజ్ వైపు బాగా మొగ్గింది. రెండు పాటలు రాసి పాడినవాడు ఐడ్స్ ఆఫ్ మార్చ్ బృందానికి చెందిన జిమ్ పీటరిక్. తర్వాతి రోజుల్లో ‘రాకీ 3’ సినిమా కోసం ‘ఐ ఆఫ్ ద టైగర్’ రాసిన ఇద్దరిలో ఒకడు. ఆల్బమ్‌లో చివరి రచన పేరు ‘క్లోజ్ అప్ టైట్’. తొలి ఆల్బమ్‌లో మొదటి రచన ‘ఓపెన్ అప్ వైడ్’ అని చెప్పుకున్నాం కదా. తెరిచిన తలుపు తానే మూసినట్టయింది.

నాలుగో ఆల్బమ్ పనులు మొదలయ్యాయి. అదే ఏడాది ఆగస్టు 9న మిన్నెసోటా రాష్ట్రం జాక్సన్‌లో కౌంటీ ఫెయిర్, అంటే అక్కడి జాతర. అందులో కచేరీకి వెళ్తున్న చిన్న విమానం జాక్సన్‌లో కూలిపోయింది. బిల్ చేజ్, కీబోర్డ్ వాయించే వాలీ యోన్, డ్రమ్మర్ వాల్టర్ క్లార్క్, గిటారిస్టు జాన్ ఎమా, పైలట్ సహా అందులో ఉన్నవారు చనిపోయారు. చేజ్‌కు 39 ఏళ్లు. సరిగ్గా అదేరోజు నిక్సన్ అధ్యక్ష పదవి వదిలి వెళ్లిపోయాడు. అమెరికా చూపంతా వైట్‌హౌస్ మీదే ఉన్న రోజున ఒక మహా వాద్యకారుడు వెళ్లిపోయాడు.

1977లో పాత సభ్యులు కలిసి ‘వాచ్ క్లోజ్‌లీ నౌ’ అనే ఆల్బమ్‌తో ఆయనకు నివాళి ఇచ్చారు. బృందం మాత్రం మళ్లీ నిలబడలేదు. అమ్మకాల లెక్కలో చూస్తే చేజ్ ఒక్క హిట్టు పాట బృందమే. కానీ పైస్వరాలు సాధన చేసే ట్రంపెట్ విద్యార్థుల దగ్గర ఆ పేరెత్తి చూడండి, సంగతి వేరేగా ఉంటుంది. ‘గెట్ ఇట్ ఆన్’లోని ఆ దిగుడు పదగతిని అమెరికా విద్యార్థి బ్యాండ్లు ఇప్పటికీ వాయిస్తున్నాయి. వెనక వరుసలో కూర్చున్న ప్రతి ట్రంపెట్ కుర్రాడికీ తన వాద్యం కచేరీని ముందుండి నడపగలదని చూపించింది ఆ నలుగురే.

మూడు ఆల్బమ్‌లూ వినడానికి ఒక్క సాయంత్రం చాలు. హిట్టు పాటతో ఆపకండి. తొలి ఆల్బమ్ చివర్లో దాదాపు 14 నిమిషాల ‘ఇన్విటేషన్ టు ఎ రివర్’ ఉంటుంది, అది తప్పక వినండి. ఫోను స్పీకర్‌లో మాత్రం వద్దు. నాలుగు ట్రంపెట్లు విడివిడిగా వినబడే మంచి స్పీకర్ల మీద వినండి.