చెరువులో చేయి పెట్టే ముందు



కొన్ని సముద్రతీరాల్లో గాలి సిలిండరు వీపున కట్టుకొని మునిగి, రాళ్ల సందుల్లోని పెద్ద రొయ్యలను చేత్తో పట్టేవారున్నారు. మన సిద్దిపేటలో సిలిండర్లు లేవు. ఊపిరి బిగబట్టి మునిగి, కట్ట రాళ్ల సందుల్లో చేయి పెట్టి ఎండ్రికాయలను, రొయ్యలను, చేపలను పట్టడం మనకు అలవాటే. అయితే 2020లో రంగనాయకసాగర్, 2022లో మల్లన్నసాగర్ ప్రారంభమయ్యాయి. మోకాలి లోతు అనుకున్న చోట ఇప్పుడు తల మునిగే నీరు ఉండవచ్చు.

చిన్న గాయమని వదలవద్దు

ఎండ్రికాయ కరిచినా, రొయ్య ముల్లు గుచ్చినా గాయం చిన్నదే. కాని చెరువు నీటిలో ఏరోమోనాస్ వంటి సూక్ష్మక్రిములుంటాయి. ముఖ్యంగా షుగరు, కాలేయ జబ్బు ఉన్నవారికి ఒకటి రెండు రోజుల్లోనే చేయి వాచి చీము పట్టవచ్చు. ఆలస్యమైతే వేలు తీసివేయవలసి రావచ్చు.

• వెంటనే ఉంగరం తీసివేయండి. శుభ్రమైన నీటితో, సబ్బుతో బాగా కడగండి.
• పసుపు, సున్నం, పొగాకు పెట్టవద్దు.
• ధనుర్వాతం ఇంజెక్షన్ తీసుకొని 5 ఏళ్లు దాటితే మళ్లీ వేయించుకోండి.
• జెల్ల ముల్లు గుచ్చుకుంటే, దెబ్బ తగలని చేతితో వేడి చూసి, ఓర్చుకోగలిగినంత వేడి నీటిలో 30 నుండి 90 నిమిషాలు ఉంచండి. మంట తగ్గుతుంది.
• ఎరుపు పైకి పాకినా, జ్వరం వచ్చినా ఆ రోజే ఆసుపత్రికి రండి.

నీళ్లలో దిగిన రెండు మూడు వారాల్లో పిక్కల నొప్పి, కళ్ల ఎరుపుతో జ్వరం వస్తే, అది ఎలుకల మూత్రం కలిసిన నీటి వలన వచ్చే లెప్టోస్పైరోసిస్ కావచ్చు. చెరువులో దిగిన సంగతి డాక్టరుగారికి తప్పక చెప్పండి.

ఊపిరితో పందెం వద్దు

ఎక్కువసేపు మునగాలని కొందరు ముందుగా గబగబా చాలాసార్లు గాలి పీలుస్తారు. దానివల్ల ఆక్సిజన్ పెద్దగా పెరగదు, కార్బన్ డయాక్సైడ్ తగ్గుతుంది. గాలి కావాలని మనలను తొందరపెట్టేది ముఖ్యంగా ఆ వాయువే. ఆ హెచ్చరిక రాకముందే నీటిలో స్పృహ తప్పుతుంది. ఈత బాగా వచ్చినవారు కూడా ఇలా చనిపోతారు.

ఒంటరిగా గాని, కల్లు తాగి గాని దిగవద్దు. కట్ట మీద ఒకరు చూస్తూ ఉండాలి. మునిగినవారిని బయటకు తీశాక పొట్ట నొక్కి నీళ్లు కక్కించవద్దు. శ్వాస లేకపోతే నోటితో శ్వాస ఇస్తూ, ఛాతీ నొక్కుతూ, పక్కవారితో 108కి ఫోన్ చేయించండి.

ప్రభువు మొదట పిలిచిన శిష్యులు జాలరులే. ఆ పని చేసే మన కుటుంబాలను దేవుడు క్షేమముగా కాపాడును గాక.

— నర్సింగ్ సూపరింటెండెంట్