వెలుగుకు దారి చెక్కేవారు

సూరత్ నగరంలోని వరాఛా ప్రాంతపు వజ్రాల కార్ఖానాలలో ఇనుప సానలు నిమిషానికి రెండు మూడు వేలసార్లు తిరుగుతుంటాయి. ఒక్కొక్క సాన చుట్టూ కొందరు కూర్చుంటారు. నూనెలో కలిపిన వజ్రపు పొడిని సానకు పట్టిస్తారు. వజ్రపు గట్టిదనం అన్ని దిశలలోనూ ఒకేలా ఉండదు. ఆ చిన్న లోపమే లేకుంటే వజ్రంతో వజ్రాన్ని అరగదీయడం సాధ్యమయ్యేది కాదు. కొద్దిసేపటికొకసారి పనివాడు పిడిని పైకెత్తి, భూతద్దం కంటికి ఆనించి, రాయిలో ప్రవేశించిన వెలుగు ఎటు పోతున్నదో పరీక్షిస్తాడు. గుజరాత్‌లో ఇతనిని గౌరవంగా 'రత్నకలాకార్' అంటారు.

వజ్రపు వక్రీభవన గుణకం 2.42. లోపల ప్రయాణించే కిరణం, రాతి ముఖానికి గీసిన లంబంతో 24.4 డిగ్రీలకు మించిన కోణం చేసిందంటే, ఇక బయటపడలేదు. అద్దం మీద పడినట్లు లోపలికే మరలుతుంది. దీనినే సంపూర్ణాంతర పరావర్తనం అంటారు. మామూలు గాజులో ఈ హద్దు దాదాపు 42 డిగ్రీలు. అందువల్లనే ఎంత నేర్పుగా చెక్కినా గాజురాయి అడుగునుండి వెలుగును జారవిడుస్తుంది.

బెల్జియం వజ్రాల వ్యాపార కుటుంబంలో పుట్టిన మార్సెల్ టోల్కౌస్కీ 1919లో ఈ విషయాన్ని లెక్కలు కట్టి చూపాడు. అడుగు ముఖాల వాలు 40.75 డిగ్రీలు, పై ముఖాల వాలు 34.5 డిగ్రీలు ఉంటే, పైనుండి దిగిన వెలుగు రెండుమార్లు మరలి, తిరిగి పైకే వచ్చి చూపరి కంటిని చేరుతుంది. తల కొంచెం కదిపితే చాలు, మెరిసిన ముఖం నల్లబడి నల్లనిది మెరుస్తుంది. అడుగు వాలు మరీ తగ్గిందా, నడుము అంచు ప్రతిబింబం రాతిలో తెల్లని వలయమై 'చేపకన్ను' ఏర్పడుతుంది. మరీ పెరిగిందా, నడిమధ్య చీకటి!

ఇంత తెలిసీ తప్పు కోణాలు ఎందుకు చెక్కుతారు? వజ్రం ధర క్యారెట్లలో పలుకుతుంది. క్యారెట్ అంటే గ్రాములో అయిదవ వంతు. గుండ్రని రాయి తయారయ్యేసరికి ముడిరాయి బరువులో తరచు సగం, ఒక్కొక్కప్పుడు అంతకు మించి, పొడిగా రాలిపోతుంది. వెలుగు కావాలంటే బరువు వదులుకోవాలి. యజమాని ప్రాణం ఒప్పుకోదు.

ఈ పేచీ పాతదే. 17వ శతాబ్దంలో సూరత్ రేవులో దిగి గోల్కొండ రాజ్యానికి వచ్చిన ఫ్రెంచి వర్తకుడు టావెర్నియే, కృష్ణాతీరాన కొల్లూరు గనిని దర్శించాడు. దోషంలేని రాయి దొరికితే ఇక్కడివారు బరువు తగ్గుతుందన్న భయంతో సానకు తాకించీ తాకించనట్లు వదిలేస్తారని రాశాడు. కొల్లూరుదే అని చెప్పుకొనే కోహినూరును 1851లో లండన్ ప్రదర్శనలో చూసిన జనం, ఇందులో మెరుపేదీ అని పెదవి విరిచారు. మరుసటి ఏడు దానిని తిరగచెక్కించారు. 186 క్యారెట్ల రాయి 106కు దిగింది. ఆ నష్టం న్యాయమేనా అన్నది నేటికీ తెగని తగవు. కొల్లూరు గనులు మాత్రం పులిచింతల నీటి అడుగున ఉన్నాయి.

వజ్రంలో ఒకసారి చెక్కిన దారిని మార్చలేము. ఆ కొరత తీర్చే సాధనాలు వేరే వచ్చాయి. కొన్ని లాప్‌టాప్ తెరలలో మీట నొక్కగానే విద్యుత్తు ప్రభావంతో ద్రవస్ఫటికపు పొరలోని అణువులు వరుస మార్చుకొంటాయి. ఎదుటివానికి అక్షరాలు కనిపిస్తాయి, పక్కవానికి తెర మసకబారుతుంది. మళ్ళీ నొక్కితే యథాస్థితి.

సూరత్‌లో ఇప్పుడు ముడిరాయిని కంప్యూటర్ కొలుస్తుంది, లేసర్ కోస్తుంది. యంత్రాలలో పెంచిన వజ్రాలూ ఇవే సానలమీదికి వస్తున్నాయి. కోణాలు వాటికీ ఇవే. కాని అమెరికా, చైనాలలో గిరాకీ పడిపోవడంతో 2024లో కొన్ని కార్ఖానాలు పనివారికి సెలవులు పొడిగించాయి. చెక్కిన రాయికి ఇంత అని కూలి తీసుకొనే చేతికి, సాన ఆగిన రోజు సంపాదన లేని రోజే.