ఫోన్ మనదే, తెర ఎవ్వరిది? ఎంఐయూఐ చెప్పే కథ

మన ఊర్లల్ల కొత్త ఫోన్ కొనేటోళ్లు ఏమడుగుతరు? కెమెరా ఎన్ని మెగాపిక్సెళ్లు, ర్యామ్ ఎంత, బ్యాటరీ ఎంతసేపు ఆగుతది, నెలకు ఈఎంఐ ఎంత పడుతది. ఇవన్నీ అడగాల్సినవే. కానీ పొద్దున లేచిన కాన్నుంచి రాత్రి పండుకునేదాక మన వేలు తాకేది తెరను. ఆ తెర మీద ఏం కనబడాలె, ఏది ముందుకు రావాలె, ఏది దాక్కోవాలె అన్నది ఎవరో ఒకరు ముందే కూసొని రాసిపెట్టిన్రు. వాళ్లెవరు, ఎందుకట్ల రాసిన్రు అని అడిగేటోళ్లు నాకు చానా తక్కువ కనబడ్డరు. అందుకే మన దగ్గర ఇంటింటికీ తెలిసిన ఒక కంపెనీ కథ తీసుకొని ఈ ముచ్చట చెప్తా. కంపెనీ షావోమి. దాని తెర పేరు ఎంఐయూఐ. రెడ్‌మీ, పోకో ఫోన్లల్ల కూడా ఏండ్ల తరబడి నడిచింది ఇదే.

ముందు ఒక సంగతి తేల్చుకుందాం. ఆండ్రాయిడ్ అంటే గూగుల్ కట్టిన పునాది, పిల్లర్లు అనుకోండ్రి. అసలు కోడ్‌ను గూగుల్ అందరికీ బాహాటంగనే ఇస్తది. దాని మీద గోడలు లేపి, సున్నం వేసి, తలుపులు పెట్టుకునేది ఫోన్ కంపెనీ. సామ్‌సంగ్ కట్టుకున్న ఇల్లు వన్ యూఐ, ఒప్పోది కలర్ ఓఎస్, వివోది 2025 దాక ఫన్‌టచ్. పునాది ఒక్కటే, ఇండ్లు వేరు. అందుకే మీ ఫోన్‌ల ఉన్న సెట్టింగ్ మీ దోస్తు ఫోన్‌ల వేరే జాగల ఉంటది.

షావోమి కథల విచిత్రం ఏందంటే, ఫోన్ కన్నా ముందు తెర పుట్టింది. 2010 ఏప్రిల్‌ల బీజింగ్‌ల లే జున్, ఆయన జతగాళ్లు కలిసి ఈ కంపెనీ పెట్టిన్రు. షావోమి అంటే చైనా భాషల కొర్రలు. అవును, మన పెద్దలు అన్నం వండుకున్న కొర్రలే. మొదటి రోజు కొర్ర జావ తాగి పని మొదలుపెట్టిన్రని కంపెనోళ్లే గర్వంగ చెప్పుకుంటరు. అదే ఏడాది ఆగస్టు 16న ఎంఐయూఐ మొదటి వెర్షన్ బయటికొచ్చింది. అప్పటికి వాళ్ల చేతుల సొంత ఫోన్ ఒక్కటి కూడా లేదు. గూగుల్ వాళ్ల నెక్సస్ వన్ లాంటి వేరేటోళ్ల ఫోన్లల్ల, ఆసక్తి ఉన్నోళ్లు కంపెనీ ఇచ్చిన సాఫ్ట్‌వేర్ తీసేసి దీన్ని ఎక్కించుకున్నరు. మొదట్ల వాడింది వంద మంది. ఆ వంద మంది పేర్లు ఫోన్ ఆన్ అయ్యే తెర మీద వేసి కంపెనీ దండం పెట్టింది.

ఆ రోజులల్ల పద్ధతి ఎట్లుండేదంటే, ప్రతి శుక్రవారం కొత్త అప్‌డేట్. వాడినోళ్లు ఇది బాగలేదు, అది కావాలె అని రాస్తరు. ఇంజనీర్లు చదివి మారుస్తరు. మళ్లీ శుక్రవారం ఇంకోటి. అప్పుడది చైనా భాషలనే ఉండేది. వేరే దేశాల అభిమానులే కూసొని సొంతంగ తమ భాషలల్లకు మార్చుకున్నరు. జీతం లేదు, కాంట్రాక్టు లేదు. ఒక రకంగ చెప్పాలంటే జనం చెయ్యి పడి తయారైన తెర ఇది. ఈ మాట యాదుంచుకోండ్రి, ముందుముందు పనికొస్తది.

2011 ఆగస్టుల మొదటి సొంత ఫోన్ వచ్చింది. 2014 జులైల ఎంఐ 3తో మన దేశంల అడుగుపెట్టిన్రు, ధర 13,999 రూపాయలు. కొన్ని నెలలకే రెడ్‌మీ 1ఎస్ 5,999కే ఇచ్చిన్రు. ఫ్లాష్ సేల్ అనే మాట మన పోరగాండ్లకు తెలిసింది అప్పుడే. 2015 ఏప్రిల్‌ల ఢిల్లీల విడుదలైన ఎంఐ 4ఐల ఆరు భారతీయ భాషలు పెట్టిన్రు, అందుల తెలుగు ఒకటి. అదే ఏడాది ఆగస్టుల రెడ్‌మీ 2 ప్రైమ్‌ను విశాఖపట్నంల విడుదల చేసిన్రు. అది ఆంధ్రప్రదేశ్‌ల శ్రీసిటీల, ఫాక్స్‌కాన్ ఫ్యాక్టరీల తయారైన ఫోన్. తెలుగు నేల మీద తయారై, తెలుగుల సెట్టింగులు చూపెట్టే సస్తా ఫోన్ అన్నట్టు. ఇది చిన్న ముచ్చట కాదు.

ఇగ తెరలో ఏమేం వచ్చినయో చూద్దాం. 2014ల వచ్చిన ఎంఐయూఐ 6తో బొమ్మలన్నీ చదునుగ, రంగురంగులుగ మారినయి. యాప్‌లన్నీ ముందు తెర మీదనే పరిచినట్టుండేది, వేరే డ్రాయర్ లేదు. ఐఫోన్‌ను చూసి కొట్టిన్రు అని విమర్శలు వచ్చినయి, అందుల నిజం లేకపోలేదు. కానీ పనికొచ్చే విషయాలల్ల వీళ్లు గూగుల్ కన్నా ముందున్నరు. 2016ల ఎంఐయూఐ 8ల డ్యూయల్ యాప్స్ వచ్చింది, ఒకే ఫోన్‌ల రెండు వాట్సాప్‌లు. వాట్సాప్ కంపెనీ తనంతట తానుగ ఒక యాప్‌ల రెండు అకౌంట్లు ఇస్తమని చెప్పింది 2023ల. ఏడేండ్ల తేడా. పొడుగు స్క్రీన్‌షాట్ కూడా ఎంఐయూఐ 8లనే వస్తే, అసలు ఆండ్రాయిడ్‌ల 2021ల వచ్చింది. ఇంట్ల ఒక్కటే ఫోన్ ఉండి అయ్య, కొడుకు ఇద్దరూ వాడుకునే కాడ, రెండు సిమ్‌లకు రెండు వాట్సాప్‌లు అవసరం అని వీళ్లకు ముందే సమజైంది. 2017ల రెడ్‌మీ నోట్ 4 వచ్చింది, ధర 9,999 కాడ మొదలు. ఆ ఏడాది చివరికి సామ్‌సంగ్‌ను దాటి మన దేశంల మొదటి స్థానానికి పోయిన్రంటే ధర ఒక్కటే కారణం కాదు, ఈ తెర కూడా కారణమే.

మరి ఇంత తక్కువ ధరకు ఎట్ల ఇచ్చిన్రు? ఇక్కడ్నే అసలు లెక్క ఉన్నది. 2018 ఏప్రిల్‌ల లే జున్ ఒక మాట ఇచ్చిండు: ఫోన్లు, వస్తువుల అమ్మకం మీద నికర లాభం 5 శాతం దాటనియ్యం అని. వినడానికి సల్లటి మాట. కానీ ఏ వ్యాపారమూ దానం కోసం నడవది. డబ్బాల మీద లాభం తగ్గించుకుంటే ఇంకో కాడ సంపాదించాలె. ఆ ఇంకో కాడ మన తెరనే. ఇంటర్నెట్ సేవలు అని లెక్కలల్ల రాసుకునే దాంట్ల పెద్ద భాగం ప్రకటనలు. ఫోన్ శుభ్రం చేసే క్లీనర్‌ల ప్రకటన, ఫైల్స్ తెరిస్తే ప్రకటన, కొత్త యాప్ ఎక్కిస్తే స్కాన్ చేస్తున్నమని చెప్పి ప్రకటన. 2019ల మన దేశంల ఎంఐ పే, ఎంఐ క్రెడిట్ పేర్ల మీద పైసలు పంపుడు, అప్పులు ఇప్పించుడు కూడా మొదలుపెట్టిన్రు. 2022కు అవి మూతపడ్డయి. మన సంత కాడ గోడ మీద సినిమా పోస్టర్ అంటించాలంటే గోడ ఉన్న ఇంటాయనను అడుగుతరు. ఇక్కడ గోడ మనది, పైసలు వాళ్లయి. అదీ తేడా.

తాళం సంగతి ఇంకో వింత. వేరేటోళ్ల ఫోన్లను తెరిచి తన సాఫ్ట్‌వేర్ ఎక్కించుకోమన్న కంపెనీ, 2016 నుంచి తన ఫోన్ల బూట్‌లోడర్‌కు తాళం వేసింది. తెరవాలంటే అర్జీ పెట్టి, అకౌంట్ కలిపి, రోజులకు రోజులు ఎదురుచూడాలె. చాలాసార్లు అది 168 గంటలు, అంటే ఏడు రోజులు. కారణం లేకుండ వేయలేదు. నడుమ దళారులు పాడు సాఫ్ట్‌వేర్ ఎక్కించి అమ్మేటోళ్లు, దొంగలు ఎత్తుకపోయిన ఫోన్లను మళ్ల తెరిచేటోళ్లు. ఆ భయం నిజమే. కానీ ఫలితం ఏందంటే, కంపెనీ అప్‌డేట్లు ఆపేసిన పాత ఫోన్‌కు కొత్త ప్రాణం పోసుకునే తోవ ఇరుకైంది. ఏ వంద మంది చేసిన పనితో ఈ కంపెనీ నిలబడ్డదో, ఆ పని ఇయ్యాల దాని ఫోన్ మీద చేయాలంటే దాని అనుమతే కావాలె.

2020 ఇంకో మలుపు. బ్రౌజర్‌ల మనం చూసేటివి, చాటు మోడ్‌ల చూసేటివి కూడా సర్వర్లకు పోతున్నయని పరిశోధకులు బయటపెట్టిన్రు. కంపెనీ దాన్ని ఆపుకునే బటన్ అప్‌డేట్‌ల ఇచ్చింది. జూన్ 29న మన కేంద్ర ప్రభుత్వం నిషేధించిన 59 చైనా యాప్‌లల్ల షావోమి సొంత యాప్‌లు కూడా ఉన్నయి. దాంతో అవి లేని ఎంఐయూఐని మన దేశానికి వేరుగ తయారు చేయాల్సి వచ్చింది. ఆ కాలంలనే చానా మోడళ్లల్ల సొంత డయలర్ పోయి గూగుల్ డయలర్ వచ్చింది. కాల్ రికార్డ్ నొక్కితే అవతలి మనిషికి కూడా వినబడేటట్టు చెప్పుడు మొదలైంది. మనోళ్లు తిట్టుకున్నరు కానీ, అడగకుండ ఎదుటోని మాట రికార్డ్ చేసుడు ఎంత న్యాయమో కూడా ఆలోచించాలె.

తర్వాత తెర బాగా బరువెక్కింది. 2020ల ఎంఐయూఐ 12 అందంగ వచ్చింది గానీ చిన్న ఫోన్ల మీద మొరాయించింది. 12.5, 13, 14 వచ్చినయి. 2022 చివర్ల వచ్చిన 14ల బరువు తగ్గిస్తున్నం, తీసేయనీకి రాని యాప్‌లను తక్కువ చేస్తున్నం అని కంపెనీనే చెప్పింది. 2023 అక్టోబర్‌ల ఎంఐయూఐ పేరే పక్కకు పెట్టి హైపర్ ఓఎస్ తెచ్చిన్రు. ఫోన్, టీవీ, వాచీ, 2024ల వచ్చిన ఎస్‌యూ7 కారు, అన్నిటికీ ఒకే వ్యవస్థ అని దాని ఉద్దేశం. ఫోన్ల మటుకు కింద పునాది ఇంకా ఆండ్రాయిడే.

ఈ కథంత చెప్పింది షావోమిని తిట్టనీకి కాదు, పొగడనీకి కాదు. వేరే కంపెనీల సస్తా ఫోన్లల్ల కూడా ఇదే దారి, అటు ఇటు తేడా. మన చేతుల ఉన్నదేందో చేసుకుందాం.

ఒకటి, ప్రకటనలు. ఎంఐయూఐ ఫోన్‌ల సెట్టింగ్స్‌కు పోయి, పాస్‌వర్డ్స్ అండ్ సెక్యూరిటీల ఆథరైజేషన్ అండ్ రివోకేషన్ తెరిచి, ఎంఎస్ఏ అన్న దాన్ని ఆపండ్రి. పది సెకన్లు ఆగమంటది, ఒక్కోసారి కాలేదంటది. నెట్ ఆన్ చేసి మళ్ల నొక్కండ్రి. ప్రైవసీల యాడ్ సర్వీసెస్ కూడా ఆపండ్రి.

రెండు, మెసేజ్‌లు ఆలస్యంగ వచ్చుడు. బ్యాటరీ మిగిలిద్దామని ఈ తెరలు వెనకాల నడిచే యాప్‌లను చంపుతయి. అప్పుడు ఉద్యోగం కబురు, కాలేజీ గ్రూపు ముచ్చట యాప్ తెరిచినంకనే కనబడ్తది. ముఖ్యమైన యాప్‌కు ఆటోస్టార్ట్ ఆన్ చేసి, బ్యాటరీ సేవర్‌ల నో రిస్ట్రిక్షన్స్ పెట్టండ్రి.

మూడు, కొనేటప్పుడు దుకాణంల ఒక్క ప్రశ్న కలపండ్రి: ఈ ఫోన్‌కు ఎన్నేండ్లు సెక్యూరిటీ అప్‌డేట్లు ఇస్తరు? యూపీఐ, బ్యాంకు యాప్ అన్నీ దాంట్లనే ఉన్నప్పుడు ఇది కెమెరా కన్నా పెద్ద ప్రశ్న. ఈఎంఐ తీరకముందే అప్‌డేట్లు ఆగిపోయే ఫోన్ ఎంత సస్తా అయినా ఖరీదైనదే.

పట్నంల పోరగాండ్లకు ఫోన్ పాడైతే ల్యాప్‌టాప్ ఉంటది. మన ఇండ్లల్ల చదువు, బ్యాంకు, దరఖాస్తు, భూమి కాయితం, అన్నీ ఆ ఒక్క తెర మీదనే. వంద మంది అడిగితే వారం వారం మారిన తెర అది. ఇయ్యాల కోట్ల మందిమి వాడుతున్నం. మనం అడుగుడు బంద్ చేస్తే, ఆ తెర మీద ఏముండాలెనో ప్రకటన ఇచ్చేటోడు చెప్తడు.