సైకిలును సుఖముగా మార్చుట ఎంతవఱకు?



కల్వకుర్తిలో ఉపాధ్యాయ వృత్తి నుండి విరమించిన నాకు నేటికిని వాహనము సైకిలే. మాది మెట్టభూమి, తారురోడ్డు దిగిన వెంటనే గులకఱాళ్ల బాట. కొంతకాలము క్రిందట పొలమునకు పోయివచ్చునప్పటికి నడుము నొప్పియు, అరచేతులలో తిమ్మిరియు కలుగజొచ్చెను. “ఇక అమ్మివేయుము నాయనా” అని కుమారుడు. “మెత్తని సీటు వేయించుకొనుడు పంతులుగారూ” అని దుకాణదారుడు. సైకిలు విడిచినచో పొలమునకు పోవుటకు నేనొకరి ననుసరింపవలసినదే.

సుఖమునకై వాహనమును మార్చుట తప్పు కాదు. బెల్‌ఫాస్టు నగరమున పశువైద్యుడైన జాన్ బాయిడ్ డన్‌లప్ తన కుమారుని మూడుచక్రముల బండికి గాలి నింపిన రబ్బరు గొట్టమును తొడిగి, 1888లో దానికి పేటెంటు పొందెను. అయినను రోగ మెఱుగక మందు కొనరాదు గదా!

మొదట ఖర్చులేని సవరణలు చూడవలెను. పెడలు అడుగునకు దిగినపుడు దానిపై మడమ మోపినచో కాలు చక్కగా చాపబడునంత యెత్తున సీటుండవలెను. అప్పుడు పాదపు ముందుభాగముతో త్రొక్కగా మోకాలు కొంచెము వంగియుండును. సీటు ముందునకు వాలినచో దేహభారము అరచేతులపై బడును. టైరుపై అచ్చువేసిన హద్దులలో గాలి కొంత తగ్గించినచో కుదుపు తగ్గును. మిక్కిలి తగ్గించినచో ఱాతికి తగిలి ట్యూబు చిల్లిపడును.

నా సీటు ముందునకు వాలియుండెను. దానిని సమము చేయగా తిమ్మిరి పోయెను. నడుము నొప్పి నిలిచెను. పిమ్మట హ్యాండిలును రెండు వ్రేళ్లంత పైకెత్తించితిని. ఇందు రెండు జాగ్రత్తలు గలవు: హ్యాండిలు కాడపై గీచిన హద్దు బయటికి కనబడరాదు, పాతరకపు కడ్డీ బ్రేకులైనచో కడ్డీలును మఱల సరిచేయవలెను, లేనిచో బ్రేకు చక్రమునకు రాచుకొనును.

మెత్తని సీటు కొనలేదు. అతి మెత్తనిదానిలో కూర్చుండు ఎముకలు దిగబడి, వాని నడుమనున్న భాగము నొక్కుకొనును. ఫ్రేమును కోసి అతికించుట మాత్రము ఎన్నడును కూడదు. అది ప్రాణములకే ముప్పు.

ఒకసారి కొక మార్పే చేసి, అదే బాటపై వారము దినములు త్రొక్కి చూడుడు. అన్నియు చేసినను నొప్పి మానదేని, పోవలసినది సైకిలు దుకాణమునకు గాదు, వైద్యుని యొద్దకు. నాకా యవసరము కలుగలేదు. నేటి యుదయమున గూడ పొలమునకు సైకిలుమీదనే పోయివచ్చితిని.