ఇంతకీ మాది ఏ జిల్లా?

మాది పుత్తూరు. అదేనండీ, ఎముక విరిగితే కట్టు కట్టించుకోవడానికి జనం వస్తారే, ఆ పుత్తూరు. బీటెక్ సర్టిఫికెట్ దాకా అన్నిట్లో చిత్తూరు జిల్లా అనే ఉంటుంది. 2022 ఏప్రిల్ 4 నుంచి మాత్రం మాది తిరుపతి జిల్లా. పక్కనే నగరిలో ఉండే మామ చిత్తూరు జిల్లాలోనే మిగిలిపోయాడు. నియోజకవర్గం ఒకటే, ఎమ్మెల్యే ఒకరే, కలెక్టర్లు మాత్రం ఇద్దరు!

"ఏం అబ్బోడా, వెంకన్న సామి జిల్లావోళ్లు అయిపోతిరే" అని మామ ఫోన్‌లో ఎగతాళి.

"కాణిపాకం వినాయకుడు మీకే ఉండాడు కదా మామా" అన్నా.

ఆ రోజు రాష్ట్రంలో 13 జిల్లాలు 26 అయ్యాయి. దాదాపుగా లోక్‌సభ స్థానానికో జిల్లా అన్నది లెక్క. మదనపల్లె వైపు అన్నమయ్య జిల్లాలోకి వెళ్లింది. నెల్లూరు నుంచి గూడూరు, వెంకటగిరి, సూళ్లూరుపేట తిరుపతిలో కలిశాయి. అలా ఏడుకొండలు, రాకెట్ల శ్రీహరికోట ఒకే జిల్లా అయ్యాయి.

అసలు చిత్తూరు జిల్లా పుట్టిందే 1911లో, ఉత్తర ఆర్కాటు, కడప జిల్లాల తాలూకాలతో. 1960లో తిరుత్తణి మద్రాసు రాష్ట్రానికి పోయి, సత్యవేడు వైపు పల్లెలు మనకొచ్చాయి. మా జేజి చెల్లెల్ని తిరుత్తణిలోనే ఇచ్చారు. ఆమె మనవళ్లు మాతో తెలుగులోనే మాట్లాడతారు. వాట్సాప్‌లో తెలుగులో మెసేజ్ పెడితే మాత్రం చదవలేరు. వాయిస్ పంపాల్సిందే.

జిల్లా గీత మార్చడానికి రాష్ట్ర ప్రభుత్వం చాలు. 1974 నాటి చట్టం ఉంది. ముసాయిదా ఇచ్చి, 30 రోజులు అభ్యంతరాలు విని, ఖరారు చేస్తారు. రాష్ట్రం గీతైతే పార్లమెంటు పని, రాజ్యాంగం 3వ అధికరణ. అసెంబ్లీ అభిప్రాయం అడుగుతారు, ఒప్పుకోవాలని రూలేం లేదు. 2014 జనవరిలో మన అసెంబ్లీ బిల్లును తిప్పికొట్టినా జూన్ 2న తెలంగాణ వచ్చింది కదా. అమెరికాలో అయితే ఆ రాష్ట్ర శాసనసభ ఒప్పుకోకుండా రాష్ట్రాన్ని చీల్చలేరు.

మాకు లాభమే జరిగింది. కలెక్టరేట్ అంటే ఒకప్పుడు చిత్తూరు, రోజంతా పోయేది. ఇప్పుడు తిరుచానూరు దగ్గరే. కుప్పం వాళ్లకు చిత్తూరు ఇప్పటికీ వంద కిలోమీటర్ల పైనే.

కానీ తాత పొలం సగం నగరి మండలంలో ఉంది. నాయన దాన్ని కొలిపించాలని మూడేళ్లుగా తిరగతా ఉండాడు. బీరువాలో ఇప్పుడు రెండు ప్లాస్టిక్ కవర్లు. ఒకదాని మీద 'తిరుపతి' అని, ఇంకోదాని మీద 'చిత్తూరు' అని స్కెచ్ పెన్‌తో రాసిపెట్టుకున్నాడు. పోయిన సోమవారం తప్పు కవర్ పట్టుకుని బస్సెక్కేశాడు.